మా అమ్మ మందుచీటీలో యల్లాప్రగడ సుబ్బారావుగారు

పరాభవ నామ సంవత్సరాదికి మన సంఘం వెలువరించే యీ సంచికకు ఏదైనా ఒకటి వ్రాసి యివ్వవలసిందని కార్యదర్శిగారు వైట్‌ఫీల్డు గూడ్సు ఆఫీసుకు రెండుసార్లు వచ్చి అడిగినారు. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినవాణ్ణి. వేబిల్లులు, డెమరేజి లెక్కలు తప్ప వేరే వ్రాత నాకు అలవాటు లేదు. పైగా సంవత్సరం పేరు చూడబోతే పరాభవం. అయినా యీ పేరుకు తగిన మహనీయుడొకరు నాకు గత ఏడాదిగా మనసులో మెదులుతున్నారు. ఆయన పుట్టింది 1895 జనవరి 12వ తేదీన; మన పంచాంగం ప్రకారం అది జయ నామ సంవత్సరం. జయంలో పుట్టిన ఆ మనిషికి బ్రతికివుండగా ఎదురైనవి చాలామట్టుకు పరాభవాలే. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మాది కైకలూరు ప్రాంతం. చిన్నతనంలో గుడివాడ–భీమవరం లైను మీద ఎన్నిసార్లు తిరిగినానో లెక్కలేదు. భీమవరం స్టేషనులో దిగి సోడా త్రాగడం, రైలు కదిలితే పరుగెత్తి ఎక్కడం జ్ఞాపకమున్నవి గాని, ఆ వూళ్లో ఇటువంటి మనిషి పుట్టినాడని నాకు ఎవ్వరూ చెప్పలేదు. చెప్పినా విని వుండనేమో. ఆయన సంగతి నాకు ఇక్కడ, పరాయి రాష్ట్రంలో, మా అమ్మగారి మందుచీటీ ద్వారా తెలియవలసి వచ్చింది.

మా అమ్మకు నాలుగేండ్లుగా కీళ్లవాతం. ఉదయం లేచేసరికి వేళ్లు ముడుచుకొనిపోయి, పాలగిన్నె పట్టుకోవడం కూడా కష్టమయ్యేది. ఇక్కడి వైద్యులు పరీక్షలు చేయించి రుమటాయిడ్ జాతి వాతమని తేల్చి, మెథోట్రెక్సేట్ అనే బిళ్లలు వ్రాసినారు. దానితోపాటు మరొక చిన్న పసుపుపచ్చ బిళ్ల, ఫోలిక్ ఆసిడ్. మొదటిది వారానికి ఒక్క రోజు మాత్రమే. రెండవది ఆ రోజున కాక వేరే రోజున. మందు కొన్నచోట కవరు మీద రోజుకు ఒకటి అని వ్రాసి యిచ్చినారు. నేను డ్యూటీ హడావిడిలో చీటీతో సరిచూసుకోలేదు. అమ్మ అయిదు రోజులు వరుసగా వేసుకొన్నది. ఆరవనాటికి నోటినిండా పుండ్లు, గుక్కెడు నీళ్లు మింగలేని స్థితి. ఆసుపత్రిలో చేర్చితే రక్తకణాలు తగ్గినవని కనిపెట్టి, ఆ మందు ఆపి, ఫోలినిక్ ఆసిడ్ అనే విరుగుడు సూదులు యిచ్చినారు. పన్నెండు రోజులకు తేరుకొన్నది. కవరు మీద తప్పు వ్రాసినవారిని నేను ఏమీ అనలేదు. చదువు వచ్చి కూడా చీటీ చూడని నా తప్పు అంతకంటె చిన్నది కాదు.

ఆ పన్నెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడే అక్కడి యువ వైద్యులొకరు, మన తెలుగువారే, ఒక విషయం చెప్పినారు. అమ్మను ఇబ్బంది పెట్టిన మందు, ఆమెను కాపాడిన మందు, రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే మనిషి ఆధ్వర్యంలో రూపు దిద్దుకొన్న కుటుంబానికి చెందినవట. ఆ మనిషి మన భీమవరపు సుబ్బారావుగారట. అప్పటినుండి ఆయనను గూర్చి దొరికినదల్లా చదివినాను.

సుబ్బారావుగారి తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానం. బీద కుటుంబం. పిల్లవాడికి చదువు మీద కుదురు లేదు. పదమూడేండ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇంటినుండి పారిపోతే, దారిలోనే పట్టి వెనుకకు తెచ్చినారు. రాజమహేంద్రవరంలో చదువు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి గట్టెక్కినారు. నేను రెండవసారికే గట్టెక్కినవాణ్ణి గనుక యీ ఒక్క విషయంలో నాది పైచేయి. అంతటితో పోలిక సరి.

ఇంట్లో చావులు ఆ కుటుంబాన్ని క్రుంగదీసినవి. తండ్రి పోయినారు. తల్లి తన నగలు అమ్మి చదివించింది. తరువాత ఇద్దరు అన్నదమ్ములు వారంపది రోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో పోయినారు. స్ప్రూ అంటే మన ఉష్ణదేశాల్లో వచ్చే ఒక విధమైన గ్రహణి. తిన్నది వంటబట్టదు, విరేచనాలు, రక్తం పల్చబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారికి కూడా అటువంటి జబ్బే పట్టుకొంటే, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు మందులిచ్చి బ్రతికించినారు. మనిషి జీవితంలో ఏది ఎక్కడికి దారితీస్తుందో చూడండి. ఆ స్ప్రూ ఆయనను వదలలేదు. ఆయన కూడా దాన్ని వదలలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించేనాటికి ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మఠంలో చేరబోతే తల్లి అనుమతి కావాలన్నారు; వెంకమ్మగారు ససేమిరా ఒప్పుకోలేదు. వైద్యం చదివితే మఠం ఆసుపత్రుల్లో సేవ చేయవచ్చుననే తలంపుతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయం చేసినారు. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో 1919లో వివాహమైనది.

అవి గాంధీగారి ఉద్యమం దేశాన్ని ఊపేస్తున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు తొడుగుకొని వెళ్లినారు. శస్త్రచికిత్స ఆచార్యులు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది గిట్టలేదు. తక్కిన పరీక్షలు బాగానే వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టినారు. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు. లక్ష్మీపతిగారే తమ ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పని యిచ్చినారు.

అక్కడినుండి అమెరికా ఎట్లా వెళ్లినారంటే, మామగారు సమకూర్చిన సొమ్ము, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ వారి సహాయ వాగ్దానం. 1923 నాటికి బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో వున్నారు. వెళ్లేనాటికి భార్య గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే పోయినాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. భార్యను కూడా మళ్లీ చూడలేదు. మూడేండ్లలో తిరిగి వస్తానని వెళ్లిన మనిషి బ్రతికినన్నాళ్లూ రానేలేదు. ఆయన గొప్పతనాన్ని గూర్చి వ్రాసేవారు యీ వాక్యాన్ని చప్పున దాటిపోతారు. నాకు దాటబుద్ధి కావడం లేదు. మనమంతా ఊళ్లు విడిచి వచ్చినవాళ్లమే. పండుగకు రిజర్వేషన్ దొరకకపోతే మనకు ఎట్లా వుంటుందో మనకు తెలుసు. శేషగిరిగారు ఎన్ని ఉగాదులు ఎదురుచూసినారో ఎవరు లెక్కపెట్టినారు?

బోస్టన్‌లో పొట్టగడవడానికి ఆయన పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసినారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. పగలు ప్రయోగశాల. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత వున్నదో కొలిచే పద్ధతిని కనిపెట్టినారు. కొన్ని రసాయనాలు కలిపితే ద్రావకం నీలిరంగు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రకటించిన యీ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. శతాబ్దం దాటినా ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులకు ఆ పేరు పరిచయమే.

ఆ నీలిరంగే ఆయనకు కొత్త తలుపులు తెరిచింది. కండరాల రసంలో భాస్వరం కొలుస్తుంటే రంగు వెంటనే తేలక మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. అంటే అక్కడ దేనికో అంటిపెట్టుకొని వున్న భాస్వరం కొంచెంకొంచెంగా విడిపోతున్నదన్నమాట. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా అదే కాలంలో దాన్ని చూచినారు. 1929లో అంతకంటె పెద్దది దొరికినది. దాని పేరు ఎ.టి.పి. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా ఆ సంవత్సరమే దాన్ని కనిపెట్టినందున ఘనత ఇద్దరిదీ.

యీ ఎ.టి.పి.ని నాకు యువ వైద్యులు వివరించిన తీరును నా రైలు భాషలోకి మార్చుకొన్నాను. అడినోసిన్ అనేది ఒక ఇంజను. దాని వెనుక వరుసగా మూడు ఫాస్ఫేటు వ్యాగన్లు తగిలిస్తే అది ఎ.టి.పి. చివరి వ్యాగను ఊడినప్పుడల్లా శక్తి విడుదల అవుతుంది. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకొన్నా, యీ వాక్యం చదువుతున్నా, ప్రతి జీవకణంలోనూ యీ వ్యాగన్లు ఊడడం, తిరిగి తగిలించడం ఎడతెగకుండా సాగవలసిందే. ఒక్క యార్డు కూడా నిద్రపోదు.

కాని ఇంజను ఒంటరిగా మిగిలితే ఏమి చేస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు వెదకడం కూడా 1929లోనే మొదలైనది. ఇంగ్లండులో డ్రూరీ, సెంట్ జార్జీ అనే ఇద్దరు అడినోసిన్‌ను జంతువుల రక్తంలోకి ఎక్కించి, గుండె వేగం తగ్గడం, గుండె నాళాలు విప్పారడం చూచినారు. బోస్టన్‌లో మూడు వ్యాగన్ల బండి దొరికిన ఏడాదే యిక్కడ వట్టి ఇంజను పనితనం బయటపడింది. ఈ రెండు వార్తలూ ఒకే కథలోని రెండు ముక్కలని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇక్కడ రక్తనాళాల సంగతి కొంత చెప్పక తప్పదు. పాఠకులు ఓపిక పట్టవలె. చొక్కాకు లోపల అస్తరు వేసినట్లు ప్రతి రక్తనాళానికీ లోపల ఒక అస్తరు వున్నది. దాన్ని ఎండోథీలియం అంటారు. దాని మందం ఒకే ఒక జీవకణం. చాలాకాలం దాన్ని గొట్టానికి లోపల పూసిన పూత వంటిదనే అనుకొన్నారు. 1980లో అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రజ్ఞుడు ఆ అస్తరు గీరుకొనిపోయిన నాళం మందుకు వదులు కావడం లేదని, అస్తరు వున్న నాళం చక్కగా వదులవుతున్నదని చూపించిన తరువాత గాని దాని విలువ అందరికీ తెలిసిరాలేదు. ఆ అస్తరు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టించి నాళాన్ని వదులు చేస్తుందని తేలింది. దానికి 1998లో ఫర్చ్‌గాట్‌తో సహా ముగ్గురికి నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ అస్తరుకు ఇంకొక ఉద్యోగం కూడా వున్నది. అది ప్లాట్‌ఫారం గేటు దగ్గర టికెట్ కలెక్టరు వంటిది. రక్తంలో ప్రవహించే తెల్లకణాలు ఎక్కడ దిగవలెనో, ఎక్కడ దిగకూడదో అదే నిర్ణయిస్తుంది. ఒంట్లో ఒకచోట ముల్లు గ్రుచ్చుకొంటే, చీము పుట్టించే క్రిములు చేరితే, అక్కడి అస్తరు కణాలు తమ పైన సన్నని కొక్కేలు బయటికి పెడతాయి. పరుగెత్తే తెల్లకణాలు వాటిని తగులుకొని, దొర్లుతూ దొర్లుతూ వేగం తగ్గి, ఆగి, అస్తరు కణాల సందుల్లోనుండి బయటికి జారుకొంటాయి. అక్కడ ఎరుపు, వేడి, వాపు, నొప్పి. వైద్యులు దీన్ని శోథ అంటారు. ఇది వుండవలసిందే, లేకపోతే చిన్న గాయానికే మనిషి పోతాడు. అయితే పని ముగిసిన తరువాత కొక్కేలు లోపలికి పోవాలి. పోకపోతే తెల్లకణాలు దిగుతూనే వుంటాయి. మా అమ్మ వేళ్లకణుపుల్లో జరిగినది అదే. గుండె నాళాల్లో కొవ్వు పేరుకొనేచోట కూడా ఇటువంటి ఆరని నిప్పు ఒకటి వుంటుందని యీనాటి వైద్యులు చెబుతున్నారు.

కొక్కేలు లోపలికి తీసుకొమ్మని అస్తరుకు చెప్పే దూతలు ఒంట్లో చాలా వున్నవి. వాటిలో అడినోసిన్ ఒకటి. అది పనిచేసే తీరు చాలా చమత్కారం. ఒక కణం దెబ్బతిని పగిలితే దాని లోపలి ఎ.టి.పి. బయటికి కారుతుంది. లోపల వుంటే శక్తి, బయటికి వస్తే ప్రమాదఘంట. ఆ గంట విని తెల్లకణాలు వస్తాయి. అస్తరు కణాల పైతలంలో రెండు రకాల ఎంజైములు కాపలా వున్నవి. మొదటిది రెండు వ్యాగన్లను ఊడదీస్తుంది. రెండవది మిగిలిన ఒక్కదాన్నీ తీసేస్తుంది. ఒంటరి ఇంజను మిగులుతుంది. ఆ అడినోసిన్ అస్తరు కణాల మీద తనకని వున్న ఆసనంలో కూర్చొని, కొక్కేలు తగ్గించమని, సందులు బిగించమని, నాళం వదులు చేయమని లోపలికి సందేశం పంపుతుంది. తెల్లకణాలకు కూడా నెమ్మదించమని చెబుతుంది. ఎర్రజెండా ఎత్తిన బండే పని ముగిసేసరికి పచ్చజెండా ఊపుతున్నదన్నమాట. అడినోసిన్ ఆయుర్దాయం మాత్రం చాలా స్వల్పం. రక్తంలో పది సెకండ్లు కూడా నిలువదు. అందుకే అది పుట్టినచోటనే పనిచేస్తుంది, ఊరంతా తిరగదు.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. కాఫీలోని కెఫీన్ చేసే పని ఏమిటో తెలుసునా? అడినోసిన్ కూర్చోవలసిన ఆసనం మీద ముందుగానే వచ్చి కర్చీఫ్ వేయడం! జనరల్ పెట్టెలో ప్రయాణం చేసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నిద్ర తెప్పించే అడినోసిన్‌కు చోటు దొరకదు గనుక మనకు మెలకువ. మరి కాఫీ త్రాగితే వాతపు మందు పనిచేయదా అని అమ్మ కంగారుపడింది. దీని మీద పరిశోధనలు ఒక మాట మీద లేవు. ఒకటి రెండు కప్పులకు భయం లేదని మా వైద్యులు ధైర్యం చెప్పినారు. బెంగుళూరులో వుండి ఫిల్టరు కాఫీ మానమంటే ఎట్లా?

తిరిగి సుబ్బారావుగారి దగ్గరికి. 1930లో ఆయనకు హార్వర్డ్ పిహెచ్.డి. వచ్చింది. పట్టా వచ్చిందేగాని ఆచార్య పదవి రాలేదు. ఇంకొక పదేండ్లు అక్కడే చిన్న ఉద్యోగంలో వుండి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లినారు. కొంతకాలానికి అక్కడి పరిశోధనకంతటికీ డైరెక్టరు అయినారు.

అక్కడ ఆయన ఎత్తుకొన్న పనుల్లో ముఖ్యమైనది రక్తహీనతను మాన్పే ఒక పదార్థం. దీని కథకు మొదలు మన బొంబాయిలోనే. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు మిల్లుల్లో పనిచేసే బీద గర్భిణీల రక్తహీనతను పరీక్షిస్తూ, మార్మైట్ అనే ఈస్టు ముద్ద తినిపిస్తే వారు కోలుకొంటున్నారని గమనించినారు. అందులోని గుణం ఏమిటో తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి ఆ జాతి పదార్థాన్ని కొద్దిగా తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టినారు. సుబ్బారావుగారి బృందం దానినే కాలేయం నుండి వేరుచేసి, దాని నిర్మాణం కనిపెట్టి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసి చూపింది. టన్నులకొద్దీ ఆకుకూర అవసరం లేకుండా బిళ్లగా చేయగలిగినారు. ఆ బిళ్లను స్ప్రూ రోగులకు యిస్తే వారు కోలుకొన్నారు.

ఇద్దరు అన్నదమ్ములను మింగిన స్ప్రూ. తానే చావు తప్పించుకొన్న జబ్బుకు చుట్టం. దాదాపు పాతికేండ్లకు పైగా పరాయి దేశంలో ఆయనను కట్టిపడేసినది ఇదే కాబోలునని నాకు అనిపిస్తుంది. ఆయన మనసులో ఏమున్నదో నాకు తెలియదు గాని, లెక్క మాత్రం సరిపోయింది. ఇప్పుడు దేశంలో గర్భిణీలకు ఆరోగ్య కార్యకర్తలు పంచే ఇనుము బిళ్లల్లో కలిసి వుండేది ఆ ఫోలిక్ ఆసిడే.

ఇక రెండవ బిళ్ల. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కాన్సరుతో చనిపోయే చిన్నపిల్లలకు ఏదైనా దారి దొరుకుతుందా అని వెదకుతున్నాడు. ఫోలిక్ ఆసిడ్ జాతి మందు యిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది. అయితే ఫోలిక్ ఆసిడ్‌కు అడ్డుపడే మందు కావాలి గదా! లెడర్లీ రసాయనశాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆసిడ్ వలెనే కనిపించి దాని చోటు ఆక్రమించే దొంగ ప్రతులను తయారుచేసి పంపినారు. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1947 చివరినుండి ఫార్బర్ దాన్ని పిల్లలకు యిచ్చి, వారిలో కొందరికి కొన్ని నెలలపాటు జబ్బు అణగడం చూచి, 1948లో ప్రకటించినాడు. చిన్నపిల్లల రక్తపు కాన్సరు మందుకు లొంగడం అదే మొదలు. అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. మా అమ్మ బిళ్ల అదే.

మరొక మందు మన కోస్తావారికి మరీ దగ్గరిది. బోదకాలు జబ్బుకు డైఇథైల్‌కార్బమజీన్ లెడర్లీలోనే 1947 ప్రాంతంలో వచ్చింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపారనామం. మా చిన్నతనంలో ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన బోదకాలు బిళ్లలు అవే. నేను రెండుసార్లు నాలుక క్రింద దాచి ఉమ్మివేసినాను. ఎవరు చేసిన మందో తెలిసివుంటే మింగేవాణ్ణా? చెప్పలేను. ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ మందు కూడా ఆయన డైరెక్టరుగా వుండగా డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1948లో ప్రకటించినదే.

ఆ 1948 ఆగష్టులోనే, ఒక రాత్రి నిద్రలో, గుండెపోటుతో సుబ్బారావుగారు పోయినారు. వయసు 53 సంవత్సరాలు. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కు వచ్చినా ఆయన పుచ్చుకోలేదు. దేశానికి స్వరాజ్యం వచ్చి ఏడాది నిండలేదు. ఖద్దరు తొడిగినందుకు పట్టా పోగొట్టుకొన్న మనిషి స్వతంత్రదేశపు గడ్డ మీద కాలుపెట్టలేదు.

ఆయన పోయిన మూడేండ్లకు, 1951లో, గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతపు రోగులకు, సోరియాసిస్ చర్మవ్యాధి వున్నవారికి యిచ్చి గుణం కనిపించిందని వ్రాసినాడు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కాన్సరు మందును కీళ్లనొప్పులకు యివ్వడమేమిటని భయపడినారు. అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఒప్పుకొన్నది 1988లో. కాన్సరుకు యిచ్చే మోతాదులో చాలా చిన్న భాగం, వారానికి ఒక్కసారి.

ఇంత తక్కువ మోతాదు ఎట్లా పనిచేస్తుంది? కణాలు పెరగడాన్ని ఆపడం వల్లనైతే, దానితోపాటు ఫోలిక్ ఆసిడ్ యిస్తే గుణం పోవాలి. పెద్దగా పోవడం లేదు. అయితే దారి వేరే వుండాలి. 1991లో న్యూయార్కులో క్రోన్‌స్టీన్ బృందం మనుష్యుల అస్తరు కణాలను, పీచు కణాలను గాజుపాత్రల్లో పెంచి, వాటికి మెథోట్రెక్సేట్ యిచ్చి చూచింది. ఆ కణాలు అడినోసిన్‌ను బయటికి వదిలినవి; దానివల్ల తెల్లకణాలు వాటికి అతుక్కోవడం తగ్గింది. కణం లోపల ఒక తయారీ లైను మధ్యలో ఆగి, ముందుకు పోలేని సరుకు యార్డులో నిలిచిపోవడం వల్ల అడినోసిన్ ఖర్చు కాకుండా మిగిలిపోతుందట. మందు పనిచేసే దారి ఇదొక్కటే కాదు గాని, ముఖ్యమైన వాటిలో ఇదొకటి.

యీ మాట విన్ననాడు నాకు ఆసుపత్రి వరండాలో ఒళ్లు జలదరించింది. 1929లో సుబ్బారావుగారు బోస్టన్‌లో కండరంనుండి వేరుచేసిన బండికి ఇంజను అడినోసిన్. 1940ల్లో ఆయన పెర్ల్ రివర్‌లో వేరే జబ్బు కోసం చేయించిన మందు, చివరకు వెళ్లి చేయి వేసింది ఆ ఇంజను మీదనే. ఆ రెంటికీ సంబంధం వున్నదని ఆయనకు తెలియదు. తెలిసేనాటికి ఆయన పోయి 43 ఏండ్లు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది గాని నిజం సగమే చెప్పినట్లవుతుంది. కీళ్లవాతానికి యీ మందు వాడేవారిలో గుండెపోట్లు తక్కువగా వున్నవని కొన్ని పరిశీలనల్లో కనిపించింది. అట్లయితే వాతం లేని గుండెరోగులకు కూడా యిచ్చి నాళాల్లోని నిప్పును ఆర్పవచ్చునా? అమెరికాలోను కెనడాలోను 4,786 మంది గుండెరోగులను తీసుకొని, సగంమందికి మెథోట్రెక్సేట్, సగంమందికి వట్టి బిళ్ల యిచ్చి చూచినారు. 2018లో ఫలితం ప్రకటించినారు. గుండెపోట్లు తగ్గలేదు. శోథను చూపే రక్తపరీక్షల అంకెలు కూడా తగ్గలేదు. పైగా కాలేయపు పరీక్షలు కొందరిలో చెడినవి. అంతకు ముందటి ఏడు, 2017లో, ఇంటర్‌ల్యూకిన్ అనే రగిలించే దూతను నేరుగా పట్టుకొనే వేరొక ఖరీదైన మందుతో 10,061 మంది మీద చేసిన పరీక్షలో మాత్రం గుండెపోట్లు కొంత తగ్గినవి. అంటువ్యాధులతో చావులు కొంచెం పెరిగినవి. నాళాల్లో నిప్పు వున్నమాట నిజమే, ప్రతి నీళ్లూ ప్రతి నిప్పునూ ఆర్పవన్నమాట. గుండెపోటుతోనే పోయిన సుబ్బారావుగారికి ఆయన మందు కూడా అడ్డుపడి వుండేది కాదు. అందుచేత గుండెకు మంచిదని విని ఎవ్వరూ యీ బిళ్లను సొంతంగా వేసుకోవద్దు. వాతానికి వాడేవారైనా వారంలో ఏ రోజో పేరుపెట్టి చీటీ మీద వ్రాయించుకొనండి. రక్తపరీక్షలు మానవద్దు. మా ఇంట్లో జరిగినది మీ ఇంట్లో జరగకూడదు.

ఆయన పేరు పెట్టుకొన్న ఒక బూజు జాతి వున్నది. సుబ్బరోమైసిస్ అని 1953లో నామకరణం చేసినారు. మన తపాలాశాఖ 1995లో, శతజయంతికి, ఒక బిళ్ల వేసింది. గూడ్సు ఆఫీసులో పాత తపాలాబిళ్లలు సేకరించే మిత్రుడొకరు దాన్ని నాకు యిచ్చినాడు. అది ఇప్పుడు మా వంటింటి క్యాలెండరు మీద, గురువారాల వరుసకు పైన అతికించి వున్నది. అమ్మ మందు రోజు గురువారం. యీ ఏడు ఉగాది కూడా గురువారమే వచ్చింది. ఉదయం వేపపువ్వు పచ్చడి తిని, రాత్రి భోజనమైన తరువాత బిళ్ల వేసుకోవచ్చునా అని ఆమె నన్ను ఇప్పటికి మూడుసార్లు అడిగింది. వైద్యుణ్ణి అడిగి, వేసుకోవచ్చునని చెప్పినాను.